ర్యాంకుల లెక్క: త్రాసులో లోపము

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని టెక్సాసునందు 1997వ సంవత్సరమున నొక శాసనము వెలువడినది. ప్రతి ఉన్నత పాఠశాలలోను తరగతికి నూటికి పదిమంది చొప్పున అగ్రస్థానముల నున్నవారికి రాష్ట్రప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ప్రవేశము హక్కుగా లభింపవలెనని దాని సారము. ప్రవేశములందు జాతిని లెక్కింపరాదని 1996లో హాప్‌వుడ్ వ్యాజ్యమున తీర్పు వచ్చినపిమ్మట, పేదపల్లెలకును, అల్పసంఖ్యాక జాతులవారి పేటలకును తలుపులు మూసికొనకుండ చేసిన ఉపాయమిది. ఉద్దేశము శ్లాఘనీయము.

అయితే అగ్రస్థానమును నిర్ణయించు లెక్క యెట్టిది? చిక్కంతయు నక్కడనే యున్నది. టెక్సాసులో ఏ పాఠశాలామండలి నిబంధనలు ఆ మండలివే. సామాన్యముగ 'ఎ' గ్రేడునకు 4, 'బి'కి 3, 'సి'కి 2 పాయింట్లు. కళాశాల చదువునకు సిద్ధపఱచు అడ్వాన్సుడు ప్లేస్‌మెంటు పాఠ్యములకు పెక్కుచోట్ల మఱియొక పాయింటు కలిపి, 'ఎ'కు 5 ఇత్తురు. సగటును బట్టి ర్యాంకు. కఠినమైన పాఠమునకు అధికఫలము న్యాయమే. సులభపాఠములతో 'ఎ'లు కూడబెట్టుకొనినవారు ముందునకు పోగూడదు గదా!

కాని సకలపాఠములను సగటులో జేర్చినచోట వింత పుట్టుచున్నది. ఒక బాలిక నాలుగు కఠినపాఠములు చదివి, అన్నిట 'ఎ' బడసినది. మొత్తము 20, సగటు 5. వేఱొక బాలిక ఆ నాలుగింట 'ఎ' బడయుటయే గాక, సంగీతము నభ్యసించి అందును 'ఎ' గైకొన్నది. మొత్తము 24, సగటు 4.8. ఎక్కువ నేర్చిన పిల్ల వెనుకబడినది! ఇది విద్యను కొలచు త్రాసా? విద్యకు విధించిన సుంకమా?

ఈ భేదము స్వల్పమని త్రోసివేయరాదు. ఆస్టిన్‌లోని టెక్సాసు విశ్వవిద్యాలయము 2026 ప్రవేశములకు ఈ హక్కును నూటికి అయిదుగురికే పరిమితము చేసినది. ద్వారము ఇఱుకైనకొలది దశాంశముల విలువ పెరుగును.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వేఱొక మార్గము త్రొక్కినది. కళాశాలకు సిద్ధపఱచు పాఠ్యములను ఏడు వర్గములుగ నేర్పఱచి, వానిలో పది, పదునొకండు తరగతులయందు చదివినవానినే లెక్కించును. లలితకళయు నా వర్గములలో నొకటి. అదనపు పాయింటు ఎనిమిది అర్ధసంవత్సర పాఠములకు మించదు. ఆ లెక్కచొప్పున తమ పాఠశాలలో మొదటి తొమ్మిది శాతపు మట్టము నందుకొన్నవారికి, కోరిన శాఖలో దొరకకున్నను, ఖాళీగల శాఖలో స్థానము చూపును. ఇందును లోపములుండవచ్చును, కాని కొలబద్ద అందఱికి నొక్కటే, ఆశకు హద్దు గలదు.

ఈ రెండు రాష్ట్రములందును మన తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. కావున ఈ లెక్క మనకు దూరపు సంగతి కాదు. మా మాట యిది: ర్యాంకునకు లెక్కించు పాఠ్యములేవో ముందుగ ప్రకటింపుడు. అదనపు పాయింట్లకు మితి విధింపుడు. సంగీతము, చిత్రలేఖనము, చేతిపని నేర్చినవారికి నష్టము కలుగనీయకుడు. నేర్చినందులకు దండన విధించు లెక్క, గణితము ప్రకారము సరియైనను, ధర్మము ప్రకారము తప్పే.