కారులో పాటల సిస్టం: ముందు చెవి, తర్వాత బేస్



ఈ మధ్య మన దాజీ పేట్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొన్న తమ్ముళ్లు చాలామందే ఉన్నారు. కారు ఇంటికొచ్చి కొబ్బరికాయ కొట్టగానే వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, పదిహేను వేలల్లో మంచి సౌండ్ ఎట్లా వస్తది?" ఎక్కువమంది డిక్కీలో బేస్ ట్యూబ్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే, చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు అన్నిటికన్నా చివర కొనాల్సింది అదే.

ఎందుకంటే మన పేటలో చెవులకు ఇప్పటికే కావలసినంత పని ఉంది. మరమగ్గాల షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలకు మించి వినొద్దంటారు నిపుణులు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక్క గంటే. ఇలాంటి మోతలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి వినికిడి ముందుగా తగ్గేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. 'స', 'త' లాంటి హల్లులను విడిగా గుర్తుపట్టాలంటే ఆ పైస్థాయి శబ్దాలే కావాలి. అందుకే మన పెద్దల్లో చాలామందికి పాట వినబడుతుంది, మాట అర్థం కాదు. వాల్యూమ్ పెంచితే మోత పెరుగుతుంది, మాట తేలదు. బేస్ పెంచితే ఉన్న మాట కూడా మునిగిపోతుంది.

కాబట్టి పదిహేను వేలను నేనైతే ఇట్లా పంచుతాను. ముందు డోర్ల స్పీకర్లకు ఆరు వేలు. ఆ రెండు డోర్ల రేకు అదరకుండా లోపల డ్యాంపింగ్ షీట్లకు రెండున్నర వేలు. ఈ రెండూ చేయించి ఒక నెల వినండి. చాలామందికి అక్కడికే సరిపోతుంది. సరిపోకపోతే చిన్న యాంప్లిఫయర్‌కు ఐదు వేలు, మంచి వైరింగ్‌కు పదిహేను వందలు. కంపెనీ ఇచ్చిన సెట్ బ్లూటూత్‌తో పనిచేస్తుంటే దాన్ని మార్చకండి.

దుకాణంలో పెట్టె మీద "4×50 వాట్లు" అని చూసి మోసపోవద్దు. అది క్షణకాలం ఇచ్చే గరిష్ఠం. అలాంటి సెట్ ఆగకుండా ఇచ్చేది సాధారణంగా ఒక్కో స్పీకరుకు 15 నుంచి 20 వాట్లే. ఆర్‌ఎంఎస్ ఎంత అని అడగండి. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ కొంటే అదే లాభం స్పీకర్‌లోనే దొరుకుతుంది. ఇంకోమాట: యాంప్లిఫయర్‌కు బ్యాటరీ నుంచి లాగిన వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి. అది లేకుండా వైరు షార్టయితే కారే అంటుకుంటుంది.

"నారళీ పున్నమికి మార్కండేయ రథం ఊరేగింపులో మోత ఉండనే ఉంటది కదా, కారులో ఎందుకొద్దు?" అంటారు కొందరు. ఊరేగింపు ఏడాదికొక్కరోజు. కారు రోజూ తిరుగుతుంది. అద్దాలు మూసిన ఆ చిన్న డబ్బాలో మోతంతా తగిలేది మన పిల్లల చెవులకే. బయటికొస్తే మన సందుల్లో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. నైట్ షిఫ్ట్ దిగి పగలు పడుకున్నవాళ్లుంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట హద్దు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్.

చివరగా సంఘానికి ఒక విన్నపం. బీపీ, షుగర్ శిబిరాల్లాగే మగ్గం పనివారికి ఏడాదికోసారి వినికిడి పరీక్ష పెట్టిద్దాం. పదిహేను వేలు పోసి పాట కొంటున్నాం, అది వినాల్సిన చెవి ఎట్లుందో చూసుకోకపోతే ఎట్లా? వచ్చే సమావేశంలో ఈ విషయం నేను లేవనెత్తుతాను. మీ అభిప్రాయం కింద రాయండి.