బ్యాంకాక్ ఏటీఎంలో ‘వద్దు’ నొక్కండి!

థాయ్‌లాండ్ టికెట్ బుక్ చేసేశారా? అయితే డెబిట్ కార్డు సంగతి కూడా చూడండి. లాంజ్ ఫ్రీ అని మురిసిపోవద్దు. విదేశీ ఏటీఎం ఫీజు, కరెన్సీ మార్కప్ ఎంతో చూసుకోండి. మార్కప్ కొన్ని కార్డులకు 3.5 శాతం దాకా ఉంటుంది, దానిపై జీఎస్టీ అదనం. ఈ రెండూ తక్కువున్న కార్డే మేలు.

ఇవి చాలవన్నట్టు అక్కడి ఏటీఎం కూడా ప్రతిసారీ 200 బాట్లకు పైనే లాగేస్తుంది. వెయ్యి తీసినా, పది వేలు తీసినా అంతే. ఐదుసార్లు తీస్తే వెయ్యి బాట్లు పోయినట్టే! అందుకే కావాల్సిందంతా ఒకేసారి తీసేయండి. ‘రూపాయల్లోకి మార్చమంటారా?’ అని స్క్రీన్ అడిగితే ‘వద్దు’ నొక్కండి. ఆ రేటు ఏటీఎం వాళ్లది, సాధారణంగా మనకే నష్టం.

అన్నట్టు, 2020లో ఆర్‌బీఐ తెచ్చిన రూల్‌తో కొత్త కార్డుల్లో ఇంటర్నేషనల్ వాడకం ఆఫ్‌లోనే వస్తోంది. ఫ్లైట్ ఎక్కకముందే యాప్‌లో ఆన్ చేసుకోండి. అక్కడ దిగాక ఓటీపీ కోసం తిప్పలెందుకు?