తొలి ముద్రణల ఉదాహరణములు – అంతర్జాల నిఘంటువుల బాధ్యత

కాళిదాస కావ్యములకు వ్యాఖ్యానము రచింపబూనిన కోలాచల మల్లినాథసూరి ఆధారము లేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసెను. ఆ ప్రతిజ్ఞను ఆయన నిలుపుకొన్న విధము పాఠశాలలో సంజీవని చదివిన ప్రతి విద్యార్థికిని తెలిసినదే. పదమునకు అర్థము చెప్పిన వెంటనే, అది అమరము చెప్పినదో విశ్వము చెప్పినదో కోశము పేరు పేర్కొనును. చదువరి తానై సరిచూచుకొనుటకు దాని వలన వీలు కలుగుచున్నది. నేడు తెలుగు పదముల అర్థము కొరకు విద్యార్థులును పరిశోధకులును గ్రంథాలయమునకు పోవుటకు ముందే అంతర్జాల నిఘంటువును తెరచుచున్నారు. కావున ఆ నిఘంటువులు పందొమ్మిదవ శతాబ్దపు ముద్రిత గ్రంథములనుండి ఉదాహరణములను ఏ రీతిగ చూపవలయునను ప్రశ్న ప్రాచ్యకళాశాలల విచారణకు రావలసియున్నది.

ఈ నిఘంటువుల ఉపకారమును తక్కువచేయుట కృతఘ్నత యగును. ఆంధ్రభారతి వంటి చోట శబ్దరత్నాకరము, బ్రౌను నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒక్క వెదకులాటలో లభించుచున్నవి. పెద్ద గ్రంథాలయములకు దూరముగ, వానలు చాలని అనంతపురము పీఠభూమిలోని ఒక పల్లెలో నున్న ఉపాధ్యాయుడు ఎనిమిది సంపుటముల సూర్యరాయాంధ్రమును చేతిలోని ఫోనులో చూడగలుగుట సామాన్యమైన మేలు కాదు.

అయితే సౌలభ్యముతోపాటు ప్రమాదము కూడ వచ్చినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను రచించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసున అచ్చయ్యెను. బ్రౌను 1884లో మరణించెను. అటుపిమ్మట ఎం. వెంకటరత్నము, డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగము పంతులు పరిష్కరించిన రెండవ కూర్పు 1903లో వెలువడినది. షికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున నుంచినది ఈ 1903 నాటి కూర్పు. ఆ సంగతిని వారు స్పష్టముగనే తెలిపియున్నారు. కాని అందుండి ఒక పదమును గ్రహించినవాడు, మూలమును విచారింపక, బ్రౌను 1852లో చెప్పెనని వ్రాసినచో ఏబదియొక్క సంవత్సరముల అంతరము కంటికి కనబడకుండ పోవును. పరిష్కర్తలు చేర్చినది బ్రౌనునకు, బ్రౌను చెప్పినది పరిష్కర్తలకు అంటగట్టబడును.

ఆ ఏబదియొక్క సంవత్సరములలో అనంతపురము సీమ ఎట్టి మార్పులకు లోనయ్యెనో తలచినచో ఈ పొరపాటు అల్పము కాదని తెలియును. 1876–78 నాటి మహాక్షామము ఈ నడుమనే వచ్చినది. అది ధాత సంవత్సరమున మొదలగుటచే జనులు దానిని ధాత కరువనిరి. బళ్లారి జిల్లానుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచినది 1882లో. మెట్టసేద్యమునకు, అప్పునకు, వలసకు సంబంధించిన ఒక మాట 1852 నాటి కూర్పులోనే యున్నదా, లేక 1903 నాటి కూర్పులో క్రొత్తగ చేరినదా యను విషయమునుబట్టి, ఆ మాట కరువునకు ముందే అచ్చుకెక్కినదా, తరువాత ఎక్కినదా యను నిర్ణయము జరుగవలయును. ధాత యను పదమునే చూడుడు. బ్రహ్మ యనియు, అరువది సంవత్సరములలో పదియవదనియు పండితులకు తెలియును. కరువును తలచి ఆ పేరు పలికిన రైతులకు అందు మూడవ అర్థము కలదు. ఆ మూడవ అర్థము ఏ సంవత్సరమున, ఏ పుస్తకమున, ఏ పుటలో అచ్చుకెక్కినదో చూపగలిగిననే అది నిఘంటువులో గట్టిగ నిలువగలదు. లేనియెడల అది వృద్ధుల నోటితోనే అంతరించును.

వేమన పద్యముల విషయము మరింత చిక్కైనది. వేమన సమాధి యున్నదని ప్రసిద్ధి గాంచిన కటారుపల్లె 2022 వరకు అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. బ్రౌను వ్రాతప్రతులను సేకరించి 1829లో 693 పద్యములను, 1839లో 1,164 పద్యములను ప్రకటించెను. పిమ్మట వెలువడిన కూర్పులు లెక్కకు మిక్కిలి. ఒకరు విషయమునుబట్టియు, వేరొకరు అకారాదిగను పద్యములను కూర్చిరి. రఘువంశమునకు సర్గశ్లోకసంఖ్యలు, భారతమునకు పర్వాశ్వాసములు ఏ ముద్రణలో చూచినను ఇంచుమించుగ నొక్కటియే. వేమనకు ఆ వీలు లేదు. నిఘంటువులో వేమన పేరును, దాని ప్రక్కన ఒక సంఖ్యయు మాత్రమే యున్నచో ఆ సంఖ్య ఏ పుస్తకమునకు చెందినదో ఎవరును చెప్పజాలరు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో అనంతపురమున చేసిన ఉపన్యాసములతో వేమన విమర్శకుల గోష్ఠిలో గౌరవస్థానము నందెను. ఆ గౌరవము నిఘంటువులలోని ఉదాహరణములకును దక్కవలయును.

ఇక వర్ణక్రమము. చిన్నయసూరి బాలవ్యాకరణము ప్రమాణమైన తరువాత, పరిష్కర్తలు పూర్వగ్రంథములను పునర్ముద్రించునప్పుడు అరసున్నలను, శకటరేఫములను చేర్చిరి, సంధులను సవరించిరి, గ్రామ్యమని తోచిన రూపములను దిద్దిరి. వారి దృష్టి పాఠశుద్ధిపై నుండుటచే వారిని నిందింప పనిలేదు. కాని నిఘంటువు 1829 నాటి గ్రంథమును పేర్కొని, పాఠమును మాత్రము నూరేండ్ల తరువాతి కూర్పునుండి దింపినచో, ఆనాడు లేని రూపమునకు ఆనాటి సాక్ష్యము కల్పించినట్లగును. దీనికి తోడు, పాత అచ్చును యంత్రముచే చదివించునప్పుడు పకారము వకారముగను, ధకారము దకారముగను మారుట కలదు. పూర్వము లేఖకుని ప్రమాదము ఒక తాళపత్రముతో ఆగెడిది. నేడది ఒక్కదినములో వేయిచోట్లకు ప్రాకును.

సామాన్య చదువరికి అర్థము చాలును, కూర్పులతో పుటలతో నేమి పనియని కొందరందురు. అర్థము మాత్రము కోరువాడు అంతటితో తృప్తిపడవచ్చును. ప్రమాణము దానిక్రింద చిన్న అక్షరములలో నున్నందున అతనికి నష్టము లేదు. పరిశోధకునకు మాత్రము అది లేనిదే పని సాగదు. పాత ముద్రణలోని తప్పులను అట్లే యుంచుట తగునా యని మరికొందరి శంక. పదమును శిష్టరూపమున శీర్షికగ చూపి, ఉదాహరణమును మాత్రము అచ్చులో నున్నట్లే యిచ్చి, ముద్రణదోషమని తోచినచోట విడిగ సూచించుటచే రెండును నెరవేరును.

ఉదాహరణములను గ్రహించు క్షేత్రమును విస్తరింపవలయును. శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్రము ప్రధానముగ కావ్యముల నాశ్రయించినవి. వ్యావహారికమును విడిచినందులకు గిడుగు రామమూర్తి పంతులుగారు సూర్యరాయాంధ్రమును తీవ్రముగ విమర్శించిరి. గొర్రు, గుంటక, మడక, పదును, బెట్ట వంటి మెట్టపొలపు మాటల చరిత్రకు కావ్యములు చాలవు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము రైతుల నోటిమాటను సేకరించినది. అచ్చులోని సాక్ష్యమును వెదకుటకు పప్పూరు రామాచార్యులుగారు 1926లో అనంతపురమున స్థాపించిన శ్రీ సాధన పత్రిక వంటివి కలవు. వానియందలి వాక్యములును తేదీతో, పుటతో నిఘంటువు కెక్కుటకు అర్హములు.

కావున ప్రతి ఉదాహరణమునకును గ్రంథనామము, కూర్పు, ముద్రణాలయము, సంవత్సరము, పుట తెలుపవలయును. సంకలనకర్త మూలపు పుటను స్వయముగ చూచెనో, మరియొక నిఘంటువునుండి ఎత్తివ్రాసెనో కూడ చెప్పవలయును. అంతర్జాలమునందలి చిరునామా ఒక్కటియే చాలదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారి చోటు మూతపడగా, అందలి గ్రంథములలో పెక్కింటిని నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో వెదకుకొనవలసివచ్చినది. చిరునామా మారినను పుటసంఖ్య మారదు.

ఈ పని ఏకవ్యక్తిసాధ్యము కాదు. పుణెలోని దక్కను కళాశాలవారు 1948లో ఆరంభించిన సంస్కృత నిఘంటువునకు సుమారు 1,500 గ్రంథములనుండి పదములను సేకరింపగా, మొదటి భాగము 1976లో వెలువడినది. అంతటి సాధనసంపత్తి మన కళాశాలలకు లేకపోవచ్చును. అయినను ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క పాత గ్రంథమును చేపట్టి, ముఖపత్రమును పరీక్షించి, పదములను పుటసంఖ్యలతో ఎత్తివ్రాసి, అధ్యాపకునిచే సరిచూపించి అంతర్జాల నిఘంటువులవారికి పంపుట దుష్కరము కాదు. పొడిగాలికి పెళుసెక్కి విరుగుచున్న ఆ కాగితములు మరియొక తరము వరకు ఆగునను నమ్మకము లేదు. ఈలోపుననే ఈ పని పూర్తి కావలయును.