చుట్టరికం ఉంటే అంటుకుంటుందా?
బ్రెడ్డు ఈస్టులోని వైరసే రొయ్యలకు పట్టింది, ఇక మనకేనని వాట్సాప్‌లో చదివి, సంఘం భోజనాల్లో రొయ్యల వేపుడు వద్దంటున్నారు కొందరు.

చుట్టరికం నిజమే. 2002లో బ్రెజిల్‌లో బయటపడిన రొయ్యల కండరాల జబ్బు వైరస్, ఈస్టులోని ఎల్-ఎ వైరస్ దూరపు బంధువులు. రెండూ రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏవే, దాన్ని నకలు తీసే ప్రోటీన్‌లోనూ పోలికుంది. అయితే ఈస్టు వైరస్ కణం దాటి బయటికి రాదు. కణాలు విడిపోయినప్పుడో కలిసినప్పుడో లోలోపలే చేతులు మారుతుంది. రొయ్య వైరస్ చెరువు నీళ్ళలో పాకుతుంది, కండ తెల్లబడి రొయ్య చస్తుంది. మనిషికి రాదు.

వస్తే మునిగేది భీమవరం రైతు. పిల్లకు పీసీఆర్ పరీక్ష చేయించి చెరువులో వదిలే అతని దగ్గర పుకారుకు భయపడి కొనడం మానేస్తే ఎలాగండీ? నాది తమిళ మీడియం చదువు, భాషలో తప్పులుంటే దిద్దండి. వేపుడు మాత్రం ఉంచండి.