నుఖ్తాకు కొలత ఉంది

హైదరాబాదు పోయి చిత్రకళా ప్రదర్శన చూసి వచ్చినవారు మాతో తరచూ ఒకటే మాట అంటుంటారు: "హజ్రత్, అందులో బొమ్మే లేదు. గీతలు, చుక్కలు, రంగులు. మా చిన్నోడు కూడా గీస్తాడు."

ఈ మాట మన ఇళ్లలో వినిపించినప్పుడే మాకు ఆశ్చర్యం. బొమ్మ లేని గోడకు ఎదురుగా నిలబడి నమాజు చేసే సమాజం మనది. జాలీలో ఒకదానిలోంచి ఒకటి పుట్టే నక్షత్రాలు, నిటారుగా నిలిచిన అలిఫ్ మన కళ్లకు కొత్తవా? పదవ శతాబ్దంలో బగ్దాదు వజీరుగా పనిచేసిన ఇబ్నె ముఖ్లా అక్షరాలకు కొలతలు పెట్టారు. కలం మొనతో పెట్టిన నుఖ్తాయే ఆ కొలమానం. అలిఫ్ ఎంత ఎత్తు, బే ఎంత వెడల్పు అన్నది దానితోనే లెక్క. తఖ్తీ మీద ఒకే అక్షరాన్ని నెలల తరబడి దిద్దినవారిని అడగండి, చుక్క పెట్టడం సులువో కాదో చెబుతారు.

సయ్యద్ హైదర్ రజా 1922లో మధ్యప్రదేశ్ అడవి ప్రాంతంలో పుట్టారు. చదువు మీద మనసు నిలవని ఆ పిల్లవాడి కోసం బడిపంతులు గోడ మీద ఒక చుక్క పెట్టి, దానినే చూడమన్నారట. 1950లో ఫ్రాన్స్ వెళ్లి, ప్రకృతి దృశ్యాలతో పేరు తెచ్చుకుని, అరవయ్యో ఏటికి దగ్గరవుతుండగా ఆయన మళ్లీ ఆ చుక్క దగ్గరకు వచ్చారు. 2010లో స్వదేశానికి తిరిగి వచ్చేనాటికి వయసు 88. 2016లో కన్నుమూశారు. ఆ చివరి సంవత్సరాల్లోనూ కొత్త చిత్రాలు గీసి ప్రదర్శించారు. ఆ చుక్కను ఆయన బిందువు అన్నారు, భారతీయ తత్త్వంలో దానికి అర్థాలు వెతికారు. ఆ అర్థాలన్నిటితో మేము ఏకీభవించనక్కరలేదు. అయితే ముందు చెట్టూ కొండా గీయడం నేర్చి, తరువాత వాటిని వదిలిన చేయి అది. ఏదీ గీయడం రాక చుక్క పెట్టినవారూ ఉన్నారు, వారిని మేము వెనకేసుకు రావడం లేదు. ఆయన 'సౌరాష్ట్ర' చిత్రం 2010లో లండన్ వేలంలో 16 కోట్ల రూపాయలు దాటి పలికింది. ధర చెబితేగాని కొందరు చూడరు కనుక ఈ సంగతి రాస్తున్నాము.

మన తెలుగువారిలో గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు ఈ దారినే నడిచి 2001లో పద్మశ్రీ అందుకున్నారు. 1937లో పుట్టిన నస్రీన్ మొహమదీ బరోడాలో పాఠాలు చెబుతూ, సిరాతో, పెన్సిలుతో సన్నని గీతలు మాత్రమే గీసుకున్నారు. ఎక్కువ చిత్రాలకు పేరైనా పెట్టలేదు. ఆమె 1990లో పోయారు. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖను తెరిచినప్పుడు, తొలి ప్రదర్శనల్లో ఆమెది ఒకటి. 1937లోనే పుట్టిన జరీనా హాష్మీ అలీగఢ్‌లో గణితం చదివి, చెక్క అచ్చులతో ఇంటిని గీశారు. 1999లో చేసిన 36 అచ్చుల వరుసలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఉర్దూ మాట: ఇల్లు, గడప, తలుపు.

ఇదంతా ఎందుకంటే, గిద్దలూరు వైపు నుంచి ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. కూతురు తొమ్మిదో తరగతి. లెక్కల్లో చురుకు. డ్రాయింగు పరీక్షకు కడతానంటోంది. "బొమ్మలు మనకు కూడదు కదా" అని డ్రాయింగు పుస్తకం దాచిపెట్టారట. ప్రాణుల రూపాల విషయంలో ఉలమాల మధ్య ఉన్న చర్చలోకి మేము ఇక్కడ పోవడం లేదు. కానీ బొమ్మలు గీసి బతికే ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమని చెప్పిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. అంటే గీసే చేతిని కట్టేయలేదు, దారి చూపారు. మనం దారి వదిలేసి పుస్తకమే మూసేస్తున్నాము. మగపిల్లవాడైతే సైన్‌బోర్డులు రాసుకుంటాడని ఊరుకుంటాము, ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఫత్వా వెతుకుతాము.

ఆ తండ్రికి మేము చెప్పింది ఇదే: పరీక్షకు కట్టనివ్వండి. వృత్తలేఖిని, స్కేలు కొనివ్వండి. ఈసారి ఆస్పత్రి పనికో పెళ్లికో హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం దగ్గరే నిలబడిపోకుండా, చేతిరాత ఖుర్‌ఆన్ ప్రతులున్న గదికి పిల్లను తీసుకుపోండి. వీలైతే మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీకీ వెళ్లండి, అర్థం కాకపోయినా కాసేపు నిలబడండి. అంతవరకు, మార్కాపురం పలకకు మన దగ్గర కరువు లేదు. బలపం కూడా చవకే.