విహారనౌకలో మొదటి సౌకర్యము

పెద్దచక్రముతో నీటిని వెనుకకు త్రోయుచు అమెరికా నదులపై నడచిన ఆవిరినౌకలలో ‘డెల్టా క్వీన్’ ప్రసిద్ధమైనది. 1927లో కాలిఫోర్నియాలో మొదలిడి, తరువాత మిసిసిపీ, ఒహాయో నదులకు వచ్చినది. 88 గదులు, విశాలమైన భోజనశాల, రాత్రివేళ సంగీతము, ఆవిరి ఈలలతో పాటలు పలుకు కాలియోపీ వాద్యము అందలి ఆకర్షణలు. అయితే దాని పైఅంతస్తులు కఱ్ఱవి. నడినదిలో నిప్పు పుట్టినచో పరుగెత్తుటకు చోటేది?

అట్టి నౌకలలో 50 మంది, అంతకు మించిన ప్రయాణికులు రాత్రి బస చేయరాదని 1966లో చట్టము వచ్చినది. ఈ నౌకకు పలుమార్లు పొడిగించిన మినహాయింపు 2008లో ముగిసినది. ఏటేటా పదవవంతు కఱ్ఱభాగమును అగ్నిభద్రముగా మార్చవలెనను షరతుతో 2018లో మరల లభించినది.

ఈ షరతు న్యాయమని మా అభిప్రాయము. ప్రాచీనతను ప్రేమించుట యనగా ప్రమాదమును కాపాడుట కాదు. 2019లో గోదావరిపై కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి ఎందరో మరణించిరి. కావున నదీవిహారమునకు పోవు విద్యార్థులు, పంపు తల్లిదండ్రులు, విందు వినోదముల మాట తరువాత. లైఫ్ జాకెట్ల మాట ముందు అడుగవలెను. నిర్భయముగా నిదురింపగలుగుటయే నౌకలో మొదటి సౌకర్యము.