చదవవలసిన తీర్పు, కొనకూడని స్థలం

పుస్తకాల ముచ్చట్ల మధ్య సుప్రీంకోర్టు తీర్పు ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో జస్టిస్ ఎం. జగన్నాథరావు 1999 జనవరిలో రాసిన తీర్పు మాత్రం సాహిత్య పాఠకులు కూడా తీరిగ్గా చదవదగినది. హైదరాబాదు జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపు ఒక నూనెల కర్మాగారం పెట్టవచ్చా అన్నది తగాదా. శాస్త్రజ్ఞులే ఏకాభిప్రాయానికి రాలేనిచోట న్యాయం ఎవరి పక్షాన నిలవాలన్నది తీర్పు వేసుకున్న ప్రశ్న. హాని జరుగుతుందని నీళ్లు తాగేవారు నిరూపించనక్కరలేదు; జరగదని కర్మాగారం పెట్టదలచినవారే నిరూపించుకోవాలి. 2000 డిసెంబరులో వచ్చిన తుది తీర్పు, ప్రభుత్వం తాను విధించిన నిషేధం నుంచి ఒక పరిశ్రమను తప్పించజాలదని తేల్చింది.

ఆ నిషేధమే 1996 మార్చి 8 నాటి 111వ నంబరు ఉత్తర్వు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 84 గ్రామాలలో, సుమారు 1.32 లక్షల ఎకరాలలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదన్నది. అనుమతించిన లేఅవుట్లలో సైతం 60 శాతం స్థలం రోడ్లకూ, ఖాళీకీ వదలమన్నది. 2022 ఏప్రిల్ 12న ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ 69వ నంబరు ఉత్తర్వు వెలువడింది. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతున్నది గనుక ఈ చెరువుల రక్షణ అనవసరమన్నది అందుకు చూపిన ప్రధాన కారణం.

ఇంతకంటే మతిమరుపు వాదన దొరకదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసుకుపోయింది. మళ్లీ అటువంటి విపత్తు రాకూడదని విశ్వేశ్వరయ్య సలహా మీద 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అంటే వరదను ఆపడం వాటి తొలి కర్తవ్యం. తాగడం మానేసినంత మాత్రాన వాన కురవడం మానదు. అనంతగిరి కొండల నుంచి దిగివచ్చే నీరు గడ్డి మీద పడితే కొంత ఇంకుతుంది, కొంత నిదానిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని దారిలో దించుతుంది. అదే నీరు సిమెంటు మీద పడితే నూనెనూ చెత్తనూ కలుపుకొని ఒక్క ఉరుకున వాగులో దూకుతుంది.

మురుగు శుద్ధి కేంద్రాలు కడతామన్న హామీ కొత్త ఉత్తర్వులోనే ఉన్నది. పని చేస్తున్న మూత్రపిండాలను కోసి తీసేసి, డయాలిసిస్ యంత్రం కొనిపెడతామని రోగికి మాట ఇవ్వడం వంటిదిది. పైగా ఆ యంత్రానికి కరెంటూ, మనుషులూ, ఏటేటా డబ్బూ కావాలి. వాగు ఒడ్డున ఉన్న గడ్డికి ఇవేవీ అక్కరలేదు.

ఇక ప్రవాసుల సంగతి. న్యూయార్కులో కాపురమున్న తెలుగువాడు కొళాయి తిప్పి తాగే నీరు ప్రధానంగా కాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి, వడపోత కేంద్రం లేకుండానే వస్తుంది. అక్కడ సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే నేల వాగుకు 100 అడుగులు, జలాశయానికి 300 అడుగులు ఎడంగా ఉండాలి. ఆ నియమాన్ని ఆయన నాగరికత అంటాడు. అదే మనిషి సెలవుల్లో హైదరాబాదు వచ్చి, ఆంక్షలు పోతున్నాయట, ధర పెరగకముందే రెండు ఎకరాలు చూడమని బావమరిదికి పురమాయిస్తాడు. చిన్ననాటి చెరువు మీద కవిత రాసేదీ ఆయనే కావచ్చు.

రైతుల మాట వేరు. కూతవేటు దూరంలోని గ్రామంలో ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరం కోసం తమ భూమి పావు ధరకు కూడా పోలేదన్న వారి ఆక్రోశం న్యాయమైనది. దీన్ని కొట్టిపారేసే పర్యావరణవాదం పట్నవాసపు విలాసమే. కానీ భూములు ఏనాడో చేతులు మారినచోట ఎత్తివేత లాభం దున్నేవాడికి చేరదు, కొని దాచుకున్నవాడికి చేరుతుంది. ఆంక్షల కాలంలోనే లేచిన ఫామ్‌హౌసులు ఎవరివో ఆ గ్రామాల్లో అడిగితే చెబుతారు.

న్యూయార్కు నగరం 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకున్నప్పుడు కేవలం నిషేధాలు రాసి ఊరుకోలేదు. అమ్మదలచినవారి భూమి కొన్నది, పాడైన సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించింది, పశువుల పేడ వాగులో కలవకుండా రైతుకు ఖర్చు పెట్టింది. వందల కోట్ల డాలర్ల వడపోత కేంద్రం కట్టడం కంటే అది చౌక అని లెక్కగట్టింది. 111వ నంబరు ఉత్తర్వులో అటువంటి చెల్లింపు ఊసు లేదు. పాతికేళ్లకు పైగా ఏ ప్రభుత్వమూ రాయని ఆ ఒక్క షరతును చేర్చడానికి కొత్త ఉత్తర్వు కావలసింది. వచ్చింది మాత్రం ఉన్న షరతులను కొట్టివేసేది.